గొట్టం మైకు ముందర దేవరాజు

మనవళ్లు జేజినాయన అని పిలిచే దేవరాజు ఎడమచేతి వేళ్ల కొసలు గవ్వల్లా గట్టిగా ఉంటాయి. వాటితో చింతగింజలు పగలగొట్టించాలని చూసి మొట్టికాయలు తిన్న మనవళ్లున్నారు. ఆ చేతికి వేరే పని ఏదీ రాదు. గుండీ కుట్టమంటే సూది పోగొడుతుంది. అరటిపండు ఒలవమంటే సగం పండు తొక్కతోనే పోతుంది. అలాంటి చేయి ఒకసారి ఆళ్లగడ్డలో వెయ్యిమందిని కొయ్యబొమ్మల్లా కూర్చోబెట్టింది. ఈ మాట ఆయనే చెప్పుకుంటే నవ్వేసి ఊరుకోవచ్చు. ఆయన చెప్పుకోడు. చూసినవాళ్లు చెప్తారు. చెప్పేటప్పుడు ఎందుకో గొంతు తగ్గిస్తారు.

ముందు నంద్యాల సంగతి. దేవరాజు నాయన జ్ఞానప్రకాశం బడిపంతులు. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయిస్తూ కీర్తనలు పాడేవాళ్లను నడిపించేవాడు. చర్చి సామాన్ల గదిలో ఒక గిటారు పడి ఉండేది. ఎప్పుడో ఊరు విడిచిపోయిన దొరసాని వదిలేసిన గిటారు. మూడు తీగలు తెగిపోయాయి, పొట్టలో ఎలుక కాపురం పెట్టింది. 1971లో పదహారేళ్ల దేవరాజు ఎలుకను ఖాళీ చేయించి గిటారును బయటికి తెచ్చాడు. నేర్పేవాళ్లు ఊళ్లో లేరు. నాయన హార్మోనియం మీద ఏ మెట్టు నొక్కితే ఏ తీగ దానికి జవాబు చెప్తుందో వెతుక్కుంటూ రెండేళ్లు గడిపాడు. వేళ్లు చిట్లాయి, ఎండాయి, మళ్లీ చిట్లాయి. చివరికి గవ్వలయ్యాయి.

చిక్కు ఒక్కటే. గిటారు గొంతు చిన్నది. ముప్పైమంది కీర్తన అందుకుంటే చీమ దగ్గినట్టు వినబడేది. దేవరాజు దాన్ని చంకలో పెట్టుకుని రేడియోలు బాగుచేసే మద్దిలేటి అంగడికి పోయాడు. మద్దిలేటి పాత టెలిఫోనులోంచి అయస్కాంతం పీకి, వెంట్రుకంత సన్నటి రాగితీగ దాని చుట్టూ చుట్టి, గిటారు తీగల కింద అంటించాడు. అందులోంచి ఒక వైరు బయటికి తీశాడు.

"ఇది యాడిదాకా వినపడతాది మద్దిలేటన్నా?"

"మైకు సెట్టుకు తగిలిచ్చినామంటే పాణ్యం దాకా వినపడతాది. మీ నాయనకు వినపడకుండా చూసుకో, అంతే."

నాయనకు వినపడింది. ఆ క్రిస్మస్ పొద్దున దేవరాజు చర్చిలో మొదటి దెబ్బ వేయగానే పైకప్పులో ఉన్న పావురాలన్నీ ఒక్కసారే లేచాయి. పోతూ పోతూ తమ వంతు కానుకలు పెద్దల నెత్తిన వేసిపోయాయి.

"ఏందిరా ఇది? ప్రార్థనకు వచ్చినోళ్లను తరిమేదానికా?" అన్నాడు జ్ఞానప్రకాశం. మరుసటి ఆదివారం నుంచి దేవరాజుకు వెనక బెంచీ, చేతిలో పాటలపుస్తకం. గిటారును మాత్రం తిరిగి ఎవరూ అడగలేదు. అడిగితే మళ్లీ వాయిస్తాడేమోనని భయం.

తర్వాత పెళ్లిళ్ల బ్యాండులో చేరాడు. ఎర్రకోటు, ఇత్తడి గుండీలు, తలమీద కుచ్చు టోపీ. మిగతావాళ్లు బూరలు ఊదుతూ నడుస్తుంటే వెనక ఒక రిక్షాలో లారీ బ్యాటరీ, మైకు పెట్టె, దాని పక్కన మద్దిలేటి. రిక్షా ముందు వైరంత దూరంలో కట్టేసిన మేకలాగా దేవరాజు. మూడు పెళ్లిళ్లు బాగానే జరిగాయి. నాలుగో ఊరేగింపులో ఆ మోతకు గుర్రం బెదిరింది. పెళ్లికొడుకు మైలు అవతల జొన్నచేలో దొరికాడు, తలపాగా లేకుండా.

బ్యాండు మేస్త్రీ మంచివాడు, తిట్టలేదు. "నీ వాయింపు బాగుండాదప్పా. కానీ పెండ్లికి పెండ్లికొడుకు కూడా ఉండాల గదా" అని కోటు విప్పించుకున్నాడు.

ఆపైన సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రా ఒకటి. అక్కడ పాటగాడు ఆరు నెలలు ఓర్చుకుని, "నేను పాడతాండానా, పెదాలు కదిలిస్తాండానా? జనాలకు నా గొంతు వినపడల్లా" అని అలిగి కూర్చున్నాడు. దేవరాజు మళ్లీ బయటికి వచ్చాడు. అప్పటికి లూదియాతో పెళ్లయింది. ఆమె ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. నోటిలోనూ సూదే ఉండేది.

"ఎన్ని మేళాలు మారుస్తావబ్బా? నేను చీరలు కూడా అన్ని మార్చల్యా."

"నేను మార్చల్యా లూదియా. అవే నన్ను మారుస్తాండాయి."

"పోనీ, ఏదన్నా ఒక చోట నీ గిటారు పక్కోనికి అడ్డం పడకుండా నిలబడిందా?"

దానికి జవాబు వెతుక్కుంటూనే దేవరాజు 1978లో ఆళ్లగడ్డ నాటకాల కంపెనీలో చేరాడు.

పద్యనాటకం చూసినవాళ్లకు తెలుసు. రాజు వేషం కట్టినవాడు పద్యం ఎత్తుకుంటాడు. చివర రాగం తీస్తాడు, ఆ రాగం ఎంత సాగితే అంత గొప్ప. పక్కన హార్మోనియం ఆ గొంతును చేయిపట్టుకుని నడిపిస్తుంది. జనానికి నచ్చితే "వన్స్ మోర్" అని అరుస్తారు, అప్పుడు పద్యం మొత్తం మళ్లీ పాడాలి. ఆ కంపెనీకి నాయకుడు రంగనాథం. అహోబిలంలో గుడి సేవలు చేసే కుటుంబంలో పుట్టినవాడు, నలభై ఏళ్లుగా రాజు వేషాలే కట్టినవాడు. ఆయన రాగం తీస్తుంటే బయట టీ అంగడివాడు గ్లాసు కడగడం ఆపేవాడు. వయసుతోపాటు ఎడమ చెవి మాత్రం మందమైంది.

కంపెనీలో దేవరాజు పని యుద్ధాలప్పుడు మోత మోగించడం, రాక్షసుడు వచ్చేటప్పుడు ఉరమడం. అందుకని అందరూ "ఉరుముల దేవరాజు" అనేవాళ్లు. అతనికి మాత్రం ఒక్క పద్యానికి తోడు వాయించాలని కోరిక. ఒకరోజు ధైర్యం చేసి అడిగాడు.

"ఒక్క పద్యం నాకియ్యండి స్వామీ."

రంగనాథం మీసం అంటించుకుంటూ నవ్వాడు. "హార్మోనియం తిత్తి ఊదినంతసేపు పలుకుతాది. నీ తీగె? మీటితే నాలుగు లెక్కపెట్టేలోపల సచ్చిపోతాది. నేను రాగం తీస్తా ఊరు దాటిపోతాంటే, నీ తీగె గడప దాకా వచ్చి ఇంట్లోకి పోతాది. అది తోడెట్లయితాదబ్బీ?"

మాట చురుక్కుమన్నా నిజమే. తీగ చావడం గిటారుకు పుట్టుకతో వచ్చిన గుణం. దేవరాజు గట్టిగా మీటి చూశాడు, వేగంగా మీటి చూశాడు, లావు తీగ వేసి చూశాడు. ఎట్లా చేసినా మీటిన స్వరం కళ్లముందే సన్నగిల్లి పోయేది. కోరిక అట్లాగే ఉండిపోయింది.

మరుసటి ఏడు మే నెలలో ఆళ్లగడ్డలో నాటక పోటీలు పెట్టారు. రాత్రిపూట కరెంటును నమ్మేటట్టు లేదని పగలే పెట్టారు. కంపెనీ ముందురోజు బనగానపల్లెలో ఆడి, పొద్దున బస్సులో బయల్దేరింది. బస్సు కదిలేముందు టాపు మీది మామిడి గంపలు దించారు. గోనెపట్టా చుట్టిన హార్మోనియం పెట్టెను కూడా గంపే అనుకుని దించేశారు. ఆ సంగతి ఆళ్లగడ్డలో దిగాకగానీ తెలియలేదు. హార్మోనిస్టు తలబాదుకుంటూ తిరుగు బస్సెక్కాడు. అతను పోయి ఆ గంపల మధ్య వెతికి తెచ్చేసరికి సాయంత్రమవుతుంది. వీళ్ల నాటకం పదకొండు గంటలకు. పోటీకి వచ్చిన ఇంకో కంపెనీని హార్మోనియం అడిగితే, ఆ హార్మోనిస్టు తన పెట్టె మీదే ఎక్కి కూర్చున్నాడు.

రంగనాథం అందరివైపూ చూసి, చివరికి ఇష్టం లేకుండా దేవరాజు వైపు చూశాడు. "ఇంగేం చేస్తాం. ఉరుములే గతి."

సరిగ్గా అప్పుడే నంద్యాల బస్సు దిగి గొడుగు ఊపుకుంటూ జ్ఞానప్రకాశం వచ్చాడు. చేతిలో ఒక కాగితం.

"రుద్రవరం బడిలో నీకు పని దొరికింది. పిల్లోళ్లకు పాటలు, డ్రిల్లు నేర్పాల. వచ్చే సోమవారం చేరాలంట" అన్నాడు కొడుకుతో.

"నాయనా, నేను ఈడ..."

"ఈడ ఏముంది? ఏడేండ్ల నుంచి చూస్తాండా. చర్చిలో పావురాలను లేపినావు, పెండ్లిలో గుర్రాన్ని లేపినావు. మనిషిని ఒక్కన్నన్నా కూర్చోబెట్టినావా? ఇంట్లో లూదియమ్మకు ఏడో నెల."

"ఆయమ్మ ఏమంటాంది?"

"ఏమీ అనల్యా. అనల్యా అంటే నీ పక్కనే."

"ఈ పొద్దు నేనే పద్యాలకు వాయిస్తాండా నాయనా. జనం వన్స్ మోర్ అంటే?"

"అది పాడినోనికి అంటారు. వాయించినోనికి అనంగ నా పుట్టుకలో ఇనల్యా."

"నాకే అంటే?"

జ్ఞానప్రకాశం గొడుగు నేలకు ఆనించాడు. "నీ వాయింపుకే అంటే, నీ దారి నీది. ఈ కాగితం నేనే వాపసు ఇచ్చొస్తా. అనకపోతే సోమవారం పొద్దున రుద్రవరంలో ఉండాల. గిటారు చర్చికి ఇచ్చేయాల. అది నీది కాదు, గుర్తుండాదా?"

"గుర్తుండాది నాయనా."

అట్లా మాట అయిపోయింది. పక్కనే వైర్లు లాగుతున్న మద్దిలేటి తల పట్టుకున్నాడు. కంపెనీకి మైకు సెట్టు ఇప్పుడు అతనిదే. "ఏమిరా, గుడ్డు పెడతాదని కోడిపుంజు మీద పందెం కాసినావు?" అన్నాడు.

షామియానా నిండింది. మోతను బయటికి వదిలే గొట్టం మైకులు సాధారణంగా జనం వైపు తిప్పి కడతారు. రంగనాథానికి చెవి మందం కాబట్టి ఆ కంపెనీ ఎక్కడ ఆడినా ఒక గొట్టాన్ని వేదిక వైపే, ఆయన ఎడమ చెవికి ఎదురుగా కట్టేవాళ్లు. ఆరోజూ అట్లాగే కట్టారు. పైగా హార్మోనియం లేదని ఆయనకు బెరుకు. "పెంచు, ఇంగా పెంచు" అని అన్నంతసేపు మద్దిలేటి మైకు పెట్టె మీది గుండీ తిప్పాడు. చివరికి తిప్పడానికి గుండీలో చోటు మిగల్లేదు. గిటారు గొంతు మారిపోయింది. లావెక్కి, బొంగురుపోయి, అడవిదున్న రంకె వేసినట్టు అయింది.

మొదటి పద్యాలు గోవిందా. రంగనాథం రాగం సగంలో ఉండగానే తీగ చచ్చేది, దేవరాజు మళ్లీ మీటేవాడు, మళ్లీ చచ్చేది.

"ఏందప్పా ఆ మోత? ఆయప్ప పాడతాంటే ఎవురో తలుపు కొడతాండారు" అన్నారు ముందు వరసలో.

"తీయండప్పా తలుపు, లోపలికి రానీ" అన్నారు ఇంకెవరో. నవ్వులు. జ్ఞానప్రకాశం మాత్రం నవ్వలేదు, షామియానా గుంజ దగ్గర నిలబడి చూస్తున్నాడు.

అప్పుడు ఆ నాటకంలో అన్నిటికన్నా కష్టమైన పద్యం వచ్చింది. యుద్ధంలో అన్నీ పోగొట్టుకున్న రాజు, చచ్చిపడిన తన గుర్రం పక్కన మోకాళ్లమీద కూర్చుని దాంతో మాట్లాడతాడు. రంగనాథం కూర్చునేసరికి దేవరాజుకు ఆయన నోరు కనబడలేదు. గొంతు ఎప్పుడు ఎక్కడికి పోతుందో నోరు చూస్తేనే పట్టుకోగలడు. వాయిద్యగాళ్లు వేదిక మీద లేవకూడదు. దేవరాజు లేచాడు. రెండడుగులు ముందుకు వేసి, రాజు వైపు తిరిగి, ఉన్న బలమంతా పెట్టి ఒక్క తీగ మీటాడు.

తీగ చావలేదు.

నాలుగు లెక్కపెట్టే సమయం దాటింది. ఎనిమిది దాటింది. స్వరం తగ్గకపోగా లోపలినుంచి ఊరుతున్నట్టు పెరిగింది. దేవరాజు కుడిచేయి గాలిలో ఉంది, ఎడమ వేలు ఒక్కటే తీగ మీద ఉంది. ఆ వేలి కింద తీగ దానంతట అదే, ఎవరూ ముట్టకుండా, బతికున్న పురుగులాగా అదురుతోంది. గొట్టంలోంచి వచ్చిన మోత గిటారును తాకి, గిటారు అదిరి, ఆ అదురు మళ్లీ గొట్టంలోంచే వస్తోంది. ఒకదాన్నొకటి మోసుకుంటున్నాయి. అదంతా తర్వాత మద్దిలేటి చెప్పిన లెక్క. ఆ క్షణంలో ఎవరికీ లెక్క తెలియదు.

మద్దిలేటికి తెలిసిందల్లా మైకు కూత పెట్టబోతోందని. మైకు కూతపెడితే మైకువానికి పరువు తక్కువ. అతని చేయి గుండీ మీదికి పోయింది.

"ముట్టద్దన్నా!" అని దేవరాజు అరిచాడు.

మద్దిలేటి చేయి అక్కడే ఆగింది.

గుంజలు సన్నగా వణికాయి. వేదిక అంచున పెట్టిన చెంబులో నీళ్లమీద వలయాలు లేచాయి. తమలపాకు నోట్లో పెట్టుకోబోయిన ముసలాయన దాన్ని పెదాల దగ్గరే పట్టుకుని కూర్చున్నాడు. రంగనాథం తల ఎత్తాడు. ఎన్నేళ్ల తర్వాతనో ఆయన ఎడమవైపు నుంచి ఒక స్వరం లోపలికి వచ్చింది, చెవిలోంచి కాదు, ఎముకలోంచి. ఆయన రాగం దాని మీదికి ఎక్కించాడు. ఎక్కి నడిచాడు. ఊపిరి అయిపోయి ఆగితే కింద స్వరం ఆగలేదు, ఆయన కోసం కాచుకుని ఉంది. మళ్లీ ఊపిరి తీసుకుని మళ్లీ ఎక్కాడు. నలభై ఏళ్లలో ఆయన అంత దూరం పోయింది లేదు, అంత దూరం తోడు వచ్చినవాళ్లూ లేరు.

పద్యం అయిపోయింది. దేవరాజు అరచేయి తీగలమీద వేశాడు. మోత తెగిపోయింది.

ఎవరూ అరవలేదు. వెయ్యి నోళ్లు తెరుచుకునే ఉన్నాయి, ఒక్క మాట రాలేదు. ఈల లేదు, చప్పట్లు లేవు. దేవరాజు నాయన వైపు చూశాడు. జ్ఞానప్రకాశం గొడుగును రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. 'అయిపోయింది' అనుకున్నాడు దేవరాజు. సోమవారం, రుద్రవరం, డ్రిల్లు. గిటారు సామాన్ల గదికి, ఎలుకల దగ్గరికి.

అప్పుడు రాజు లేచాడు. వేషంలో ఉన్నవాడు వేషం మాట తప్ప వేరే మాట మాట్లాడకూడదు. మాట్లాడితే పోటీలో పేరు కొట్టేస్తారు. ఆ సంగతి రంగనాథం కన్నా తెలిసినవాళ్లు లేరు. అయినా ఆయన కిరీటం తీసి చంకలో పెట్టుకున్నాడు.

"దేవరాజూ, ఇంగొకతూరి."

"పద్యమా స్వామీ?"

"పద్యం వద్దు. నేను పాడనులే. నువ్వొక్కనివే వాయించు, నేను కూచోని ఇంటా."

ఆ స్వరం ఎట్లా వచ్చిందో దేవరాజుకు తెలిస్తే కదా మళ్లీ వాయించడానికి!

"ఎట్ల చేసినావురా?" అని మద్దిలేటి గుసగుసగా అడిగాడు.

"నాకేం తెలుసన్నా? నువ్వేం చేసినావు?"

"నేనేం చేయల్యా. నువ్వు ముట్టద్దంటివి."

దేవరాజు మీటాడు. తీగ మోగి, సన్నగిల్లి, చచ్చింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అర అడుగు పక్కకు జరిగి మీటాడు. చచ్చింది. అతను చెప్పులు విడిచాడు. మడుగులో లోతు వెతికేవాడిలా ఒట్టి పాదాలతో పలకల మీద తడుముకుంటూ, గిటారును గొట్టం నోటికి ఎదురుగా పట్టుకుని, ఇంచు ఇంచుగా తిరిగాడు. ఒకచోట వేలి కింద తీగ కదిలింది. అక్కడే నిలబడిపోయాడు. కదిలిన తీగ ఊరింది, లావెక్కింది, షామియానా అంతా నిండింది. మెల్లగా గిటారును పైకి ఎత్తితే స్వరం తనకు తానే ఒక మెట్టు ఎక్కి సన్నగా, ఎత్తుగా కూసింది. దించితే దిగింది. మీటకుండా, ఊరికే వంచుతూ, ఎత్తుతూ, అడుగు ముందుకూ వెనక్కూ వేస్తూ, ఆ గుర్రం కోసం రాజు ఏడవలేకపోయిన ఏడుపంతా దేవరాజు వాయించాడు. రంగనాథం చచ్చిన గుర్రం మీద చేయి వేసి కూర్చుని విన్నాడు. ఈసారి అయిపోయాక లేచిన అరుపులకు షామియానా తాడు ఒకటి ఊడింది.

వేదిక వెనక జ్ఞానప్రకాశం నిలబడి ఉన్నాడు. దేవరాజు పోయి ఎదురుగా నిలబడ్డాడు.

"జనం మొదట అనల్యా" అన్నాడు జ్ఞానప్రకాశం.

"అనల్యా నాయనా."

"ఆయప్ప అన్నాకనే అరిచినారు."

"అవును."

రంగనాథం చెమటకు మీసం జారిపోతుంటే పట్టుకుని వచ్చాడు. "పంతులూ, నలభై ఏండ్ల నుంచి జనం నన్ను అడుగుతాండారు. నేను ఎవుర్నీ అడగల్యా. ఈ పొద్దు అడిగినా. దాంతో పోటీ కూడా పాయె. ఇది మీ లెక్కకు రాదంటే మీ ఇష్టం."

జ్ఞానప్రకాశం కాగితాన్ని మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు. "మొదటితూరి అయిపోయినప్పుడు నేనే అనాల్నని నోరు తెరిచినా" అన్నాడు, కొడుకు ముఖం చూడకుండా. "మాట రాల్యా. రాల్యా గాని, అనాల్నని అనిపించింది. అనిపించల్యా అని చెప్పి నిన్ను రుద్రవరం పంపిస్తే నాకు నిద్ర పట్టదు. చర్చివాళ్లతో నేను మాట్లాడుకుంటా. పో."

పోటీలో కంపెనీ పేరు నిజంగానే కొట్టేశారు. అయినా ఆ ఏడాది అవుకు, రుద్రవరం, బనగానపల్లె, ఎక్కడెక్కడినుంచో పిలుపులు వచ్చాయి. "ఆ ఆగని తీగె ఆయప్పను తోలుకోని రండి" అని మరీ చెప్పి పంపేవాళ్లు. రంగనాథం ఇక చాలనుకునేదాకా ఎనిమిదేళ్లు దేవరాజు ఆయన పక్కనే వాయించాడు. తర్వాత ఇంకో రెండు కంపెనీలు, ఒక ఆర్కెస్ట్రా. లూదియా మేళాలు లెక్కపెట్టడం మానేసింది. 1988లో నంద్యాలలో క్యాసెట్ల అంగడి కుర్రవాడొకడు అతని వాయింపు విని, "తాతా, దీన్ని హెవీ మెటల్ అంటారు, విదేశాల్లో ఇదే వాయిస్తారు" అన్నాడట. అప్పటికి దేవరాజుకు ముప్పైమూడేళ్లు. హెవీ మెటల్ సంగతి వదిలేసి, తాతా అన్నందుకు మూడురోజులు అలిగాడు.

రంగనాథంతో ఆ ఎనిమిదేళ్లలో ఎన్ని ఊళ్లు తిరిగినా, తీగ చావని ఆ చోటు అతనికి ముందుగా ఎప్పుడూ తెలిసేది కాదు. ఒక ఊరి వేదిక మీద దొరికిన చోటు ఇంకో ఊరి వేదిక మీద ఉండదు. ప్రతి ఊళ్లోనూ సామాను దించగానే, అన్నం కూడా తినకుండా, చెప్పులు విడిచి పలకలమీద తిరిగేవాడు. మద్దిలేటి గుండీ మీద చేయి పెట్టుకుని కూర్చునేవాడు. తెర వెనకనుంచి సగం మీసంతో రాజు తొంగి చూసేవాడు.

"దొరికిందా?"

"ఇంగా లేదు స్వామీ."

"బేగా వెతుకప్పా. రంగు కారిపోతాంది."

"ఒక్క నిమిషం. ఈడే యాడనో ఉండాది."